మైనం పూసిన అగ్గిపుల్లలు

పోయిన వారం మా చిన్నమ్మాయి హిమాలయాల్లో కొండలెక్కడానికి పోతున్నానని చెప్పి, ఫోనులో సామాన్లు ఏరుకుంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. వాటిలో నీళ్లలో ముంచి తీసినా వెలిగే అగ్గిపుల్లలున్నాయి. అవి దాచుకోవడానికి మూత లోపల రబ్బరు చుట్టున్న గొట్టాలు వేరే. ఏ గొట్టం మంచిదో తేల్చుకోలేక అరగంట తంటాలు పడింది. ఆ అరగంటా నా కళ్ల ముందు మా మేనత్తే మెదిలింది. ఈ పరీక్షలన్నీ ఆమె ఆర్మూరులో తన ఇంటి వెనక, ఒక బకెట్ నీళ్లతో ఎప్పుడో చేసి ముగించింది.

మామ దుబాయిలో ఉండేవాడు కనుక పసుపు చేను పెత్తనమంతా మేనత్తదే. ఒక ఏడు పసుపు ఉడకబెడుతుండగా అకాల వర్షం కురిసి పొయ్యి ఆరింది, బొడ్లో దోపుకున్న అగ్గిపెట్టె ముద్దయింది, కడాయిలో పసుపు సగం ఉడికి పాడైంది. ఆ కోపం ఆమెకు చాలాకాలం చల్లారలేదు. మధ్యాహ్నం బీడీలు చుట్టడం అయిపోగానే కొవ్వొత్తి కరిగించి, ఒక్కొక్క పుల్ల తల అందులో ముంచి ఆరబెట్టేది. ఇక అవి దేనిలో పెట్టాలన్నది పెద్ద చర్చ. కుంకుమ భరిణె, జర్దా డబ్బా, దగ్గు మందు సీసా, ఇంట్లో మూత ఉన్నదేదీ ఆమె చేతిలోంచి తప్పించుకోలేదు. లోపల పొడి కాగితం పెట్టి, రాయి కట్టి, బకెట్లో ముంచి, మర్నాటి దాకా మధ్యమధ్య తీసి చూసేది. భరిణె గంటకే ఓడింది. జర్దా డబ్బా తెల్లారేసరికి చెమర్చింది. సీసా గెలిచింది కానీ గాజుది, చెయ్యి జారితే అంతే. చివరికి ఫోటో స్టూడియోలో అడిగి తెచ్చిన కెమెరా రీలు డబ్బీ నెగ్గింది. అందులో పన్నెండు పుల్లలు పట్టాయి. అగ్గిపెట్టె పక్కనుండే గీసే పట్టీని కత్తిరించి, ప్లాస్టిక్ కవరులో చుట్టి అదీ పెట్టింది. డబ్బీని తాడుతో మెడకు కట్టుకుంటే, మా నాయన ఫోటోలు ఎప్పుడు దింపుతావని ఏడిపించేవాడు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో పసుపు ఉడికే వేళ ఆమెకు తోడుగా చేనుకు పోయాను. మధ్యాహ్నం దాటాక ఆకాశం ఒక్కసారిగా నల్లబడి రాళ్లవాన మొదలైంది. చూస్తుండగానే పొయ్యిలో మంట చచ్చిపోయింది. ఇద్దరం తడిసి కొట్టంలోకి ఉరికాం. కాసేపటికి పక్క చేను చాచా వాగు వైపు నుంచి తూలుతూ వచ్చి గడపలో పడ్డాడు. బర్రెను తోలుకురాబోయి వాగులో కొట్టుకుపోయి, కంప పట్టుకుని ఎట్లాగో గట్టెక్కాడట. ముసలి ప్రాణం. పెదవులు నీలంగా ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. మేము ఆయన తడి బట్టలు తీసి గోనెసంచులు చుట్టాం. కొంతసేపటికి వణుకు ఆగింది. నాకు ధైర్యం వచ్చి ఆ మాటే చెప్పాను.

మేనత్త మొహం మారిపోయింది. "ఆగుడు మంచిది కాదు బిడ్డా. ఒళ్లు చల్లబడి వణికే సత్తువ గూడ పోయింది. జల్ది ఎండాకు తే," అంది.

కొట్టం మూలనున్న ఆకు కుప్ప అడుగు నుంచి ఎండు పసుపాకు లాగి గడప దగ్గర పోశాను. ఆమె డబ్బీ తెరిచింది. తొందరలో నేనొక పుల్ల తీసుకుని గీశాను. తల జారింది, పుల్ల విరిగింది. ఆమె కోప్పడలేదు. "మైనం గోకాలె ముందు. తడి చేతులు పెట్టకు," అంటూ తన వేళ్లను ఎండాకులో రుద్దుకుని తుడుచుకుంది. గోటితో మైనం ఒలిచి గీసింది. బయట అంతా నీళ్లు, గోడలు నీళ్లు, మా జుట్టునిండా నీళ్లు. ఆ నీళ్ల మధ్య ఆమె దోసిట్లో చిన్న పసుపుపచ్చని మంట నిలబడింది. పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న నిప్పును ఆ రోజే మొదటిసారి చూసినట్టనిపించింది.

ఆకు అంటుకుంది, తర్వాత కంప, తర్వాత కొట్టంలో ఉన్న కట్టెలు. పొగకు కళ్లు మండుతున్నా ఎవరం కదల్లేదు. చాచాకు మళ్లీ వణుకు మొదలైంది. అది చూసి మేనత్త మొదటిసారి గోడకు చేరగిలబడింది. చక్కెర నీళ్లు కాచి చుక్క చుక్కగా తాగించింది. చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచి, "బేటీ, నా బర్రె ఒడ్డెక్కిందా?" అని అడిగాడు.

"అదెప్పుడో ఎక్కింది చాచా. నువ్వే ఇంక ఎక్కలే," అంది మేనత్త.

వాన తగ్గాక ట్రాక్టర్ వచ్చి ఆయన్ను దవాఖానకు తీసుకుపోయింది. వారంలో చేనుకు వచ్చాడు. తర్వాత చాలా ఏళ్లు బతికాడు, మేనత్త తర్వాతే పోయాడు. ఆమె పోయిన రోజు మా వాకిట్లో పొద్దంతా కూర్చున్నాడు.

ఆ ఏడు ఏ పరీక్షలు రాశానో, ఏ బట్టలు కట్టుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. ఆమె పుల్ల గీయడానికీ ఆకు అంటుకోవడానికీ మధ్య గడిచిన ఆ రెండు క్షణాలు మాత్రం, తర్వాత వచ్చిన ఇన్నేళ్లూ కలిపినా అందనంత పొడుగ్గా నాలో ఉండిపోయాయి.