జీపులో తాడు

మా చిన్నాయన కొడుకు తన కొత్త బరువైన పెద్ద కారుతో నా పాత జీపును దాటి, పెళ్లివాళ్లందరి ముందు నా మొహాన దుమ్ము కొట్టిపోయాడు. ఆ మంట చల్లారకముందే, మర్నాడు జీపును ఇంటి దగ్గర వదిలి పనిమీద పోతూ గుత్తిలో బస్సెక్కి, మెకానిక్‌కు ఫోన్ చేశాను. ఇంజనుకు గాలి ఎక్కించి బలం పెంచే సూపర్‌ఛార్జర్‌ను నా ముసలి ఇంజను తట్టుకుంటుందో లేదో అతనూ చెప్పలేకపోయాడు.

పక్కసీట్లో ఎవరో అవ్వ అంతా విన్నది.

“ఎవరి మీదప్పా ఇంత కోపం?”

చెప్పాను.

“మీ చేన్ల దారి నల్లరేగడా?”

“అవునవ్వా.”

“మళ్లేం? వాన పడనీ. వాని బండి బురదలో దిగబడతాది. తాడేసి నీ జీపుతో లాగు. ఊరి నడిమధ్యన, నిదానంగా. అందరూ చూడల్ల.”

ఎంత నిదానంగానో ముందుసీటు కమ్మీ మీద వేలితో గీత గీసి చూపించింది. ఆ వేలు కమ్మీ చివరికి చేరేదాకా ఊపిరి బిగబట్టి చూశాను.

సూపర్‌ఛార్జర్ బిగించలేదు. తాడు కొన్నాను. అది ఇంకా జీపులోనే ఉంది.

ఈ ఏడూ వాన కోసం మా ఊళ్లో కప్పలకు పెళ్లి చేశారు. నేను చేన్లో ఒక్క గింజ కూడా విత్తలేదు. అయినా అందరికంటే గట్టిగా మొక్కింది నేనే.