సీలు విప్పని డబ్బాలు

మాల్ మూతపడ్డది, మాలు మాత్రం నాకు మిగిలింది. దాంతో నా బొమ్మల దుకాణాన్ని లాల్‌దర్వాజా గల్లీలోకి మార్చిన. మాల్‌లో సీలు విప్పిన డబ్బాను ఎవరూ కొనేవాళ్లు కాదు. ఇక్కడ విప్పకపోతే కొనరని నాకు తెలియదు. వారం రోజులు, వచ్చినవాళ్లంతా డబ్బాను చెవి దగ్గర ఊపి, అనుమానంగా నా ముఖం చూసి, అక్కడే పెట్టి పోయిన్రు.

ఒకరోజు పక్కింటి పెద్దమ్మ మనవరాలి కోసం చెక్క రైలు డబ్బా తీసింది.

"విప్పి చూపియ్యి బిడ్డా."

"సీలు పోతే మళ్లీ అమ్ముడుపోదు పెద్దమ్మా. లోపల మంచిగనే ఉంటది."

"నువ్వు చూసినవా?"

"లేదు."

"మరి నీకెట్ల ఎరుక? ఆ మాల్ ఊకెనే మూతపడ్డదా?"

గల్లీలో మొదటి బేరం పోతుందన్న భయంతో విప్పిన. ఇంజను ఉంది, పెట్టెలు మూడు ఉన్నాయి, చక్రాలు లేవు. ఎనిమిదేళ్లు బొమ్మలమ్మిన ఈ పెద్దమనిషి ఒక్క డబ్బా లోపలా చూడలేదు.

ఇంకో డబ్బా ఆమె ముందే విప్పిన. ఆమె ప్రతి చక్రం తిప్పి చూసి, కొని పోయింది.

ఇప్పుడు నా దుకాణంలో సీలున్న డబ్బా లేదు. కొత్త సరుకు దిగితే ముందు నేనే చెవి దగ్గర ఊపి చూస్తున్న.