బాబాయి కట్టిన కట్టు

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా బాబాయి కుట్టు దుకాణం ముందున్న చెట్టును కొట్టేశారు. దాని నీడలో ఆయన ఇరవై రెండేళ్లు మిషను తొక్కాడు. కొట్టుది పడమటి ముఖం. చెట్టు పోయాక, మధ్యాహ్నం రెండు దాటితే మిషను చక్రం ముట్టుకోలేకపోయేవాళ్లం. పరదా దించితే సూది బెజ్జం కనిపించేది కాదు. నేనప్పుడు ఆయన దగ్గర కాజాలు కుట్టి, గుండీలు వేసేదాన్ని.

వానలు మొదలవగానే చెట్లు నాటించే మేస్త్రి వచ్చి అదే చోట నడుమెత్తు మొక్క పెట్టించాడు.

"నాలుగు నెలలు చూస్తాం మాస్టారూ. పట్టుకుంటే సరే, లేకపోతే గుంత సిమెంటుతో మూసేస్తాం," అన్నాడు.

మొదటి గాలికే మొక్క వాలిపోయింది. బాబాయి పక్కన కర్ర పాతాడు. లైనింగు గుడ్డ పేలిక చుట్టి, నైలాను దారంతో ఏడు చుట్లు తిప్పి, చివర ముడి మీద ముడి వేశాడు.

"తుఫానొచ్చినా ఊడదు," అన్నాడు లేచి చేతులు దులుపుకుంటూ.

ఊడలేదు కూడా. రెండు నెలలు ఆకులు మిసమిసలాడాయి. మూడో నెలలో పసుపు తిరిగి, ఒక్కొక్కటే రాలడం మొదలైంది. బాబాయి పూటకో బిందె నీళ్లు పోశాడు. ఎరువు తెచ్చి వేశాడు. కత్తిరింపు మధ్యలో లేచి వెళ్లి చిగుళ్లు తడిమి వచ్చేవాడు.

"నాకు జ్వరమొస్తే ఒక్కసారైనా నుదురు పట్టుకు చూశారా?" అనేది పిన్ని.

"నీకు నోరుంది. అడుగుతావు. దానికేముంది?"

గడువు ఇంకో వారం ఉందనగా ఒకావిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. నిరుడు కుట్టించిన గౌను ఆ పిల్లకు చంకల్లో పట్టేసింది.

"లోపల గుడ్డ వదిలారుగా మాస్టారూ, కాస్త విప్పండి."

పిల్లల బట్టలకు రెండు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టడం బాబాయి అలవాటు. పిల్లను నిలబెట్టి, బ్లేడుతో ఒక చెయ్యి కుట్లు విప్పాడు. చంక కింద ఎర్రగా చార పడి ఉంది. ఆ చార వంక కాసేపు చూసి, బ్లేడు పట్టుకునే బయటికి నడిచాడు.

"తాతా, రెండో చెయ్యి ఎవరు విప్పుతారు?" అని అరిచింది పిల్ల.

నేనూ వెనకే వెళ్లాను. బాబాయి మొక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. కట్టుకు పైనా కిందా కాండం ఉబ్బింది. దారం బెరడులోకి దిగిపోయింది. ఒక్కో చుట్టూ తెంపి తీశాడు.

"ఎదిగే ఒళ్లమ్మా ఇది," అన్నాడు నాతో. "వదులు ఉంచాలని తోచలేదు నాకు."

కట్టుకు పైనంతా ఎండిపోయింది. కింద, నేలకు జానెడెత్తున, బియ్యపు గింజంత పచ్చటి మొగ్గ ఉంది. ఆయన గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర తెమ్మన్నాడు. దానితో పిన్ని ఒకసారి కాగితం కత్తిరించినందుకు రెండు రోజులు మాట్లాడని మనిషి, ఆ కత్తెరతోనే వేలంత కాండాన్ని ఏటవాలుగా కోశాడు. ఆ తర్వాత లోపలికొచ్చి పిల్ల రెండో చెయ్యి విప్పాడు.

వారం తిరిగేసరికి మేస్త్రి సిమెంటు బస్తా, ఇద్దరు కూలీలతో దిగాడు. మోడును చూసి నవ్వాడు.

"ఇదేం చెట్టు మాస్టారూ? గూటం పాతినట్టుంది."

"మొగ్గ విచ్చింది, వంగి చూడండి. ఇంకొక్క నెల ఇవ్వండి." బాబాయి ఎవరినీ అంతగా బతిమాలడం నేను చూడలేదు.

మేస్త్రి వంగి చూశాడు. రెండు ఆకులు, పెసర గింజంతవి.

"నా ప్యాంటు ఎన్నాళ్లైంది మీ దగ్గర?"

బాబాయి మెడలో టేపు సర్దుకున్నాడు. "రేపు ఇచ్చేస్తాను."

"ఆరు వారాలుగా రేపే అంటున్నారు. సరే, నేనూ రేపే వస్తాను," అని మేస్త్రి బస్తాను మళ్లీ బండెక్కించమన్నాడు.

"ప్యాంటు ఇప్పుడప్పుడే ఇవ్వకండి, ఇస్తే నిజంగానే రేపు వచ్చేస్తాడు," అంది పిన్ని.

బాబాయి వినలేదు. ఎండ మొహాన కొడుతుంటే కూర్చుని, సాయంత్రానికి ప్యాంటు కుట్టి, తనే తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. మేస్త్రి మాత్రం మళ్లీ బస్తాతో రాలేదు.

నీడ మిషను దాకా రావడానికి ఆరేళ్లు పట్టింది. అప్పటికి బాబాయికి చూపు తగ్గింది. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. మధ్యాహ్నం రెండు దాటాక, పరదా ఎత్తేసి, ఆయన పాత చొక్కాలకు మాసికలు వేస్తూ కూర్చునేవాడు.