ఉల్లివేరులో ఎర్ర పోగులు

మా కాలేజీ బాటనీ సార్ పోయారు. పాత స్టాఫ్ గ్రూపులో పొద్దున ఎవరో ఆ సంగతి పెట్టారు. కింద దండాల బొమ్మలు వరుస కట్టాయి. నేనూ ఒకటి పెట్టి, చెప్పులు వేసుకుని బయల్దేరాను.

సిద్దిపేటలో మేం చాలాకాలం ఒకే స్టాఫ్ రూంలో ఎదురెదురుగా కూర్చున్నాం. నేను తెలుగు చెప్పేవాణ్ణి. సైన్సంటే నాకు నిద్ర. ఆయన అదేం పట్టించుకోకుండా, టీ చల్లారేదాకా వంశపారంపర్యం కథ చెప్పేవారు. ఎక్కడో ఓ క్రైస్తవ సన్యాసి మఠం తోటలో బఠానీలు పెంచాడు. పొట్టి గుణం ఒక తరంలో దాక్కుని తర్వాతి తరంలో బయటపడటం లెక్కగట్టాడు. ఎవరూ వినలేదు. ఇంకోచోట కొందరు కణాలకు రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో పోగుల్లాంటివి చూశారు. అవి దేనికో వాళ్ళకు తెలియదు. సన్యాసి పోయిన చాలా ఏళ్ళకు గాని, ఆయన లెక్కగట్టిన గుణాలను మోసేది ఆ పోగులేనని ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాత ఈగలను పెంచినవాళ్ళు ఓ తెల్లకళ్ళ ఈగ సంతానాన్ని చూసి దాన్ని రుజువు చేశారు.

"లెక్క ఒకకాడ, చూపు ఒకకాడ ఉన్నయి సార్. కలిపెటోడు దొరికేదాక రెండూ ఉత్తయే," అనేవారు.

ఉద్యమం రోజుల్లో మేమంతా సమ్మెలో ఉన్నాం. ఒకరోజు పెద్ద రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తినడమే నిరసన. దుబ్బాక నుంచి సార్ వాళ్ళమ్మ, చెల్లెలు కూడా వచ్చారు. చెల్లెలికి పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. ఆమె పొయ్యి ఎగదోస్తుంటే, బతుకంతా మగ్గం మీద గడిపిన తల్లి కత్తిపీట ముందు కూర్చుంది. ఉల్లిగడ్డలు చాలలేదు. మా అటెండర్ కాలేజీకి ఉరికి, ల్యాబ్ కిటికీలో నీళ్ళ గ్లాసుల మీద ఉన్నవన్నీ పట్టుకొచ్చాడు. సమ్మె ఎప్పుడు ముగిసినా పిల్లలకు చూపించాలని సార్ వేళ్ళు పట్టిస్తున్న గడ్డలవి. ఆయన చూసేసరికి అన్నీ ముక్కలయ్యాయి.

సంగతి తెలిసి తల్లి చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

"నా చేతికి కత్తిపీట ఇయ్యొద్దంటె విన్నరా. నాడు కడుపుతోని ఉండి గ్రహణం పూట ఉల్లిగడ్డ కోసిన, పిల్ల మూగదైంది. గిప్పుడు నీ సదువు కోసిన."

సార్ తొక్కల కుప్పలోంచి వేళ్ళున్న మొదళ్ళు ఏరి, కడిగి, రుమాలులో కట్టుకున్నారు. "నడు అవ్వా," అన్నారు.

"సమ్మెలో ఉండి ల్యాబ్ తీస్తరా?" అన్నాను.

"పాఠం చెప్తలేను సార్. మా అవ్వకు జవాబు చెప్తున్న."

నేనూ వెంట వెళ్ళాను. వేరు కొన కోసి, ఎర్రరంగులో నానబెట్టి, కాస్త వెచ్చజేసి, గాజుపలకల మధ్య బొటనవేలితో అదిమారు. తల్లి ఒక కన్ను మూసి సూక్ష్మదర్శినిలో చూసింది.

"ఎర్ర నూలు తీరుగ ఉన్నయి," అంది.

"మనిషిల గూడ ఉంటయి. బిడ్డకు తల్లివి సగం, తండ్రివి సగం. నువ్వు మేనమామనే చేసుకుంటివి. ఒక్క ఇంటి పోగులు. ఇద్దరి తాన ఒక్కతీరు లోపం దాగి ఉన్నది. నాకు రెండూ రాలే, చెల్లెకు రెండూ వచ్చినయి. గంతే."

"గా లోపం ఏదో చూపియ్యి."

"గీ అద్దంల కనబడదవ్వా."

"కనబడనప్పుడు గ్రహణమన్నా ఒకటే, నీ పోగన్నా ఒకటే గద బిడ్డా."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"ఒకటి గాదు. గ్రహణమంటె తప్పు నీ మీద పడ్తది. దీంట్ల ఎవల తప్పు లేదు."

ఆమె చాలాసేపు అద్దంలోంచి కన్ను తీయలేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, రోడ్డు మీదికి నడిచివచ్చి, మిగిలిన కూరగాయలు కోసింది. ఆమె పోయి కూడా చాలా ఏళ్ళయింది.

సార్ చెప్పిన సైన్సులో నాకు గుర్తున్నది ఇంతే. ఆయనకు నేను రుణపడ్డది కూడా ఇందుకే.

నేను వెళ్ళేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. వచ్చినవాళ్ళ కోసం వాకిట్లో వంట సాగుతోంది. చెల్లెలు కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. నన్ను చూసి తలూపింది. తర్వాత ఒక గడ్డను కోయకుండా పక్కకు తీసి, కిటికీలో ఖాళీగా ఉన్న సార్ గ్లాసు నిండా నీళ్ళు పోసి, దాని మీద నిలబెట్టింది.