ఇన్నా జుమ్మై మీద హంసతు అలక

నైజీరియాలో కానో పాత ఊళ్లో మా సందులో గోరింటాకు పెట్టే హంసతు దగ్గరికి వెళితే చేతులు పండటమే కాదు, ఒక కథ కూడా దక్కేది. చేతులకూ కాళ్లకూ ముద్ద పట్టించి, పైన ప్లాస్టిక్ సంచులు చుట్టి కూర్చోబెట్టాక ఆడవాళ్లు చెయ్యగలిగింది ఏముంది? ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేరు. అందుకని హంసతు చేతులు కడుక్కుని, చాప మీద కాళ్లు చాపుకుని, బజార్లో కొన్న నవల తీసి పైకి చదివేది. గొంతులు మార్చి మార్చి చదివేది. నవల్లో గయ్యాళి అత్తగారు మాట్లాడితే అచ్చం పక్కింటి హజియా గొంతు వచ్చేది. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉన్నా సరే.

హంసతుకు నలభై దాటాయి. మొగుడు లేగోస్‌కు ఉల్లిపాయల లారీ తోలుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. చిన్నప్పుడు బడికి వెళ్లలేదు. పెళ్లయ్యాక పెద్దల సాయంత్రపు బడిలో అక్షరాలు దిద్దింది. ఆ వచ్చిన చదువంతా నవలల మీదే ఖర్చుపెట్టింది. అందులోనూ ఒక నవలంటే ఆమెకు ప్రాణం. భాగాలు భాగాలుగా వచ్చేది. సఫారా అనే కొత్త పెళ్లికూతురికి పక్కింట్లో ఉండే ఇన్నా జుమ్మై అనే ముసలమ్మ లోకం నేర్పే కథ. ఎవరు ఎవరి మీద ఏ చాడీ మోసుకొచ్చినా ఇన్నా జుమ్మై ఒకే మాట అడుగుతుంది: “నువ్వు చూశావా?”

ఆ మాట హంసతు నోటికి అంటుకుపోయింది. సందులో ఏ తగవు వచ్చినా తీర్పు ఆమెదే.

“మా ఆయన ఇంకో పెళ్లి చేసుకుంటాడట వదినా!” అని ఒకతె ఏడుస్తూ వస్తే, “నువ్వు చూశావా?” అనేది.

“చూళ్లేదు. చేపలమ్మి చెప్పింది.”

“అయితే వెళ్లి చేపల పులుసు పెట్టుకో. ఇన్నా జుమ్మై అయితే ఇదే చెప్పేది.”

ఆ ముసలమ్మ కాగితం మీద మనిషన్న సంగతి మేమందరం ఎప్పుడో మరిచిపోయాం.

నాలుగో భాగం వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, మోచేతుల దాకా సంచులతో. హంసతు హుషారుగా మొదలుపెట్టింది. సగం చదివిందో లేదో గొంతు నెమ్మదించింది. ఇన్నా జుమ్మై వయసులో ఉన్నప్పుడు తన సవతి మీద అబద్ధం చెప్పిందట. బావి దగ్గర పరాయి మగవాడితో మాట్లాడుతుంటే చూశానని మొగుడికి ఎక్కించిందట. అతను నమ్మాడు. ఆ అమ్మాయి చంటిపిల్లను వీపున కట్టుకుని గడప దాటి వెళ్లిపోయింది.

హంసతు పుస్తకం టప్పున మూసేసింది.

“అదేంటి అక్కా, తర్వాతేమైంది?” అన్నాను.

“ఏమైతే మనకెందుకు! దొంగ ముసల్ది. ఇన్నేళ్లు నా చేత అబద్ధాల కోరు మాటలు వల్లె వేయించింది.”

“మా చేతులు కట్టేసి ఉన్నాయని కదా ఈ దౌర్జన్యం!” అని హజియా అరిచింది. “ఆ పుస్తకం నా ఒళ్లో పడెయ్, ముక్కుతో తిప్పుకుని చదువుకుంటా.”

హంసతు ఇవ్వలేదు. మర్నాడు అట్ట వెనక అచ్చేసిన నంబరుకు ఫోన్ చేసింది. అవతల రచయిత్రి మాలమా లుబాబతు స్వయంగా ఎత్తింది.

“మాలమా, ఇన్నా జుమ్మైని పాడుచేసింది మీరేనా?”

అవతల నవ్వు. “పొద్దుట్నుంచీ అందరూ ఇదే తిట్టు తల్లీ. ఒకాయనైతే ఆవిడని జైల్లో వేయించమన్నాడు.”

“నవ్వుతారేంటండీ? ఆవిడ మాట పట్టుకుని ఇక్కడ ఎన్ని కాపురాలు నిలబెట్టానో తెలుసా? ఇప్పుడు ఏ మొహంతో చెప్పను?”

“ఆవిడ చెప్పిన మాట తప్పయిపోయిందా మరి?”

“మాట తప్పు కాదు. ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చిందనే ఒళ్లు మండుతోంది.”

“మొదటి భాగం రాసేటప్పుడు నాకూ ఈ సంగతి తెలీదు,” అంది మాలమా. “ప్రతిసారీ ‘చూశావా’ అని ఎందుకు అడుగుతుందీ ముసలమ్మ అని రాస్తూ రాస్తూ ఆలోచిస్తే తెలిసింది. మొదటి భాగం మళ్లీ ఒకసారి చదవండి. అప్పటికీ తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యండి, తీరిగ్గా వింటాను.”

హంసతు గొణుక్కుంటూనే పాత భాగాలు తీసింది. మొదటి భాగంలో వీపున బిడ్డతో ఎవరు ఆ సందులోంచి వెళ్లినా ఇన్నా జుమ్మై లేచి మంచినీళ్లు ఇస్తుంది. అప్పట్లో అది చదివి మేమంతా ఎంత మంచిదో అనుకున్నాం. రెండో భాగంలో సఫారా ఎవరి గురించో “అది మంచిది కాదట” అనగానే ముసలమ్మ చేతిలో గరిటె జారి పొయ్యిలో పడుతుంది. ఆ చోట హంసతు గరిటె పడిన చప్పుడు కూడా చేసి చూపించి మమ్మల్ని కడుపుబ్బ నవ్వించింది. ఇప్పుడు అదే పేజీ దగ్గర నవ్వు రాలేదు. “ముసల్ది ఎంత భయపడిందో చూడు,” అంది నాతో. తిట్టినట్టే అంది గానీ గొంతులో జాలి ఉంది.

ఆ వారమే జులై అనే అమ్మాయి తన పెళ్లి గోరింటాకుకు వచ్చింది. ముద్ద పట్టించాక ముగ్గు తేలేలా, హంసతు ముందుగా ఆమె అరచేతి మీద సన్నటి టేపు ముక్కలు పువ్వులా అతికిస్తోంది. ఆ పిల్ల ఉన్నట్టుండి, “పిన్నీ, నాలుగో భాగం నేనూ చదివాను,” అంది.

“నువ్వూ తిట్టుకున్నావా?”

“లేదు. అంతకు ముందు ఆవిడంటే నాకు భయం. తెల్లజుట్టుతోనే పుట్టినట్టు మాట్లాడేది. ఇప్పుడైతే ఆవిడకి ఏదైనా చెప్పుకోవచ్చనిపిస్తోంది. నీకు కూడా.”

హంసతు టేపు పక్కన పెట్టింది. “చెప్పు.”

“పెళ్లికి నేనూ నా స్నేహితురాళ్లూ అందరం ఒకే రకం బట్ట కుట్టించుకున్నాం కదా. దర్జీ దగ్గర నా బట్ట కనపళ్లేదు. వాళ్లలో బిల్కీ కాజేసిందని అందరికీ చెప్పాను. మొన్న దర్జీ మిషను వెనకే దొరికింది. ఎవరికీ చెప్పలేదు పిన్నీ. బిల్కీ నన్ను చూస్తే అవతలి సందులోంచి వెళ్లిపోతోంది.”

వెనకటి హంసతు అయితే అక్కడికక్కడే ఒక పెద్ద ఉపదేశం దంచేది. ఆ రోజు దంచలేదు.

“ఒసే పిల్లా, నా పెళ్లయిన కొత్తలో మా ఆడపడుచు గాజులు కొట్టేసిందని ఇల్లంతా చాటాను. గాజులు నా తలగడ గలీబులోనే ఉన్నాయి. దాని కాళ్లు పట్టుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది,” అంది. “నీ చేతులకి ఇంకా ముద్ద పెట్టలేదు. ముందు బిల్కీని తీసుకురా.”

“తిడుతుందేమో.”

“తిడుతుంది. తిట్టనీ, నీకు మంచిదే. అది కొట్టేసిందని ఎవరెవరికి చెప్పావో వాళ్లందరికీ బట్ట దొరికిందని కూడా చెప్పాలి మరి.”

జులై టేపు ముక్కలతోనే పరిగెత్తింది. చాలాసేపటికి ఇద్దరూ వచ్చారు. జులై కళ్లు ఎర్రగా ఉన్నాయి. బిల్కీ మూతి ముడుచుకుని గుమ్మంలోనే నిలబడింది.

“నేను ఊరికే రాలేదు పిన్నీ,” అంది బిల్కీ. “దారి పొడుగునా ప్రతి ఇంటి ముందూ దీని చేత ‘నా బట్ట మిషను వెనక ఉంది’ అని చెప్పించాను. ఇంకా మూడిళ్లు మిగిలాయి, రేపు. ఇంకో షరతు. నా చేతికి దీనికంటే పెద్ద పువ్వు వెయ్యాలి.”

“పెళ్లికూతుర్ని నేను!” అంది జులై.

“దొంగని నేను!” అంది బిల్కీ. అని తనే ఫక్కున నవ్వేసింది.

హంసతు బిల్కీ చేతికి మణికట్టు దాటేంత పువ్వు వేసింది. సంచులు చుట్టాక ఇద్దరినీ గోడకు ఆనించి కూర్చోబెట్టి, గిన్నెలో ఫురా కలిపి గరిటెతో ఒకళ్ల తర్వాత ఒకళ్లకు తాగించింది. ఆ పెరుగూ సజ్జపిండీ కలిసిన చారికలు ఇద్దరి గడ్డాల మీదా కారుతుంటే హజియా కూడా వచ్చి చేరింది.

అప్పుడు హంసతు నాలుగో భాగం విప్పి, ఆపిన చోటు నుంచి చదివింది. ఇన్నా జుమ్మై ముసలితనంలో ఆ సవతి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. తలుపు తెరుచుకోలేదు. తర్వాతి శుక్రవారం మళ్లీ వెళ్లింది.

“తలుపు తియ్యదు. నేనైతే తియ్యను,” అంది బిల్కీ.

“నువ్వు ఇవాళ తీశావుగా,” అంది జులై.

“నాది బట్ట. ఆవిడది కాపురం.”

“మీరిద్దరూ కాసేపు నోరు మూస్తే,” అంది హజియా, “తలుపు సంగతి హంసతు చెబుతుంది. చదవవే!”

హంసతు వేలు తడిచేసుకుని పేజీ తిప్పింది.