మామగారి మీద పాట

పెళ్లయిన కొత్తలో నందిగామ కోర్టులో మా మామగారి దగ్గరే జూనియర్‌గా చేరా. ఆయన నా చేత కాగితాల కట్టలు మోయించేవారు, వాయిదాలు అడిగించేవారు, అంతే. జడ్జిగారి ముందు ఒక్కసారి నోరు తెరిచి వాదించాలని నా ఏడుపు. ఒక్క కేసన్నా ఇస్తే ఒట్టు.

ఇవ్వకపోవడానికి కారణం బ్రిడ్జి పేకాట. ఆదివారం వస్తే ఇద్దరం బస్సెక్కి జగ్గయ్యపేట క్లబ్బుకి వెళ్లి జోడీగా ఆడేవాళ్లం. ఎదుటి జోడీ అక్కడి డాక్టరూ, ఆయన బావమరిదీ. బ్రిడ్జిలో ముందు వేలంపాట ఉంటుంది. పదమూడు పట్లలో ఆరు పోను ఇంకెన్ని పడతామో పాడాలి. పాడకుండా ఎన్ని పట్టినా వచ్చేది చిల్లరే. అందుకని మన జోడీవాడు పాడాక, చేతిలో బలముంటే మనం దాని మీద పాడి తీరాలి. మామగారు ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని మరీ నేర్పారు.

ఆయన "ఒక ఆఠీను" అనగానే నేను "పాస్" అనేవాణ్ణి. చేతిలో ఆసులూ రాజులూ కిక్కిరిసి ఉన్నా సరే. మాది పెనుగంచిప్రోలు. మామిడితోట వేలంలో మనవాడు పాడాక మనం పైకి పాడం. పాడితే రెండు తరాలు మాటలుండవు. అట్లాంటిది పిల్లనిచ్చిన మామ మీద పాడమంటే నోరెట్లా వస్తుంది?

తీరా ఆట రూలు ప్రకారం నా ముక్కలు బల్ల మీద పరిచాక ఆయన తల పట్టుకునేవారు. "ముక్కలు చదవటం రానివాడు కేసు కాగితాలేం చదువుతాడు" అని అందరి ముందూ అనేవారు. అల్లుణ్ణి కదా, పళ్లు నూరుకుని ఊరుకునేవాణ్ణి.

ఒక ఆదివారం డాక్టరు ముక్కలు పంచుతూ, "మీవాడు పెళ్లిపీటల మీద కూడా పాస్ అనే ఉంటాడండీ. పురోహితుడు బతిమాలి తాళి కట్టించుంటాడు" అన్నాడు. మామగారూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. డాక్టరు పాసన్నాడు. మామగారు "ఒక ఆఠీను" అన్నారు. బావమరిది పాసన్నాడు.

"నాలుగు" అన్నా.

మామగారు కళ్లజోడు తీసి నన్నోసారి చూశారు. చూసి, ఆరుకెక్కించారు. ఆరంటే ఒక్క పట్టు తప్ప అన్నీ మనవే కావాలి. పట్టి చూపించారు.

బస్సు కోసం నించున్నప్పుడు అడిగారు. "అయితే నీకు ముక్కలు లెక్కేయటం వచ్చన్నమాట."

"వచ్చండి."

"మరి ఇన్నాళ్లూ ఏం రోగం?"

"మీ మీద పాడితే బాగుండదనండి."

"ఓరి నీ మర్యాద తగలెయ్య. కోర్టులో నేను తప్పు మాట్లాడినా ఇట్లాగే ఊరుకున్నావా?"

"ఒకటి రెండు సార్లండి."



మర్నాడు ఒక గట్టు తగాదా కేసు నా చేతిలో పెట్టారు. గొంతు పోయేట్టు వాదించా. ఓడిపోయా. తీర్పొచ్చిన సాయంత్రం వాకిట్లోనే నాలుగిళ్లకి వినపడేట్టు తిట్టారు. చట్టం నేను చెప్పిందే కరెక్టని నేనూ అంత గట్టిగానే ఎదురు చెప్పా. అత్తగారు బిత్తరపోయి వంటింట్లోంచి బయటికొచ్చారు.

ఆయన తిట్టడం ఆపి కుర్చీలో కూలబడ్డారు. "ముందు అల్లుడికి అన్నం పెట్టు" అన్నారు.