స్పేర్‌లో పెట్టిన జ్ఞానతండ్రి

ఆ రోజుల్లో గుళ్లో బిషప్ గారు నుదుట తైలం రాసే భద్రమైన అభ్యంగనం తీసుకోవడానికి నేను పోగొట్టుకున్నవి వరసగా చెప్పాలంటే ఇవి: ఒక వర్షాకాలం మొత్తం ఆదివారపు నిద్ర, ఎర్రమట్టి మింగేసిన ఎడమకాలి చెప్పు, అప్పుడప్పుడే ఒక ఆకారానికి వస్తున్న మీసం, ఒక పెళ్లికూతురు. మొదటి మూడూ తర్వాత మళ్లీ సమకూరాయి. (చెప్పు మాత్రం జతగానే కొనాల్సి వచ్చింది. ఒక్క కాలిది అమ్మమంటే దుకాణంవాడు నా మొహం చూసి నవ్వాడు.) నాలుగోదాని సంగతి చెప్పడానికే ఇదంతా.

కిరందుల్ గనులు రాత్రీ పగలూ నడుస్తున్న కాలం అది. ఊళ్లో ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఇటుక రంగుకి తిరిగేది. కొండ మీంచి దిగిన ఇనుప రాయి నింపుకుని విశాఖ వైపు వెళ్లే వ్యాగన్లను లెక్కపెట్టే గుమస్తాని నేను. పెద్ద చదువు లేదు. కూడికలూ తీసివేతలూ ఆ వ్యాగన్ల మీదే నేర్చుకున్నాను. వయసు ఇరవై రెండు. పసితనంలోనే బాప్తిస్మం అయింది గానీ, బిషప్ గారు మా విచారణకు, అంటే మా గుడికి, వచ్చిన ప్రతిసారీ నాకేదో ఒక జ్వరం తగిలి అభ్యంగనం మిగిలిపోయింది. అది లేనిదే గుళ్లో పెళ్లి చెయ్యనని మా ఫాదర్ తేల్చేశారు. ఆయన కేరళ మనిషి, తెలుగునీ హిందీనీ ఒకే వాక్యంలో కలిపి వండేవారు. "పెళ్లి కావాలంటే పెహలే అభ్యంగనం కావాలి బాబూ. పిల్లల క్లాసులో కూర్చో. శరం ఏమిటి ఇందులో?"

నాకు సిగ్గు కంటే ఆశే ఎక్కువగా ఉండేది. ఆ క్లాసు చెప్పేది రైలు డ్రైవర్ గారి రెండో అమ్మాయి. నేను చేసుకోవాలనుకున్నదీ ఆ అమ్మాయినే. మా అమ్మ వెళ్లి కదిపితే, "ముందు అభ్యంగనం కానియ్యండి, తర్వాత చూద్దాం" అని వాళ్లింటి నుంచి కబురొచ్చింది. (దాన్ని నేను 'సరే' అన్న మాట కింద జమ కట్టుకున్నాను.)

అలా పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల మధ్య, మోకాళ్లు గడ్డానికి తగిలే పొట్టి బల్ల మీద కూర్చున్నాను. పిల్లలు నాకు 'తాత' అని పేరు పెట్టారు. వాళ్లకు నాయకుడు మా ఫిట్టరు గారి కొడుకు. నోరు ఆగకపోవడం వల్ల అందరూ వాణ్ని బుల్లెట్ అనేవారు. పవిత్రాత్మ వరాలు ఏడూ చెప్పమని ఆ అమ్మాయి నన్ను నిలబెట్టినప్పుడల్లా నేను వేళ్లు మడుస్తూ ఆరు దగ్గర ఆగిపోయేవాణ్ని.

"టీచరమ్మా, తాత మల్లీ ఒకటి మింగేసినాడు!" అని బుల్లెట్ అరిచేవాడు.

"ఏమండీ, అంత పొడుగు రైలు లెక్కపెడతారట. ఏడు వరాలు లెక్కకి రావా?" అనేది ఆమె, నవ్వు కొంగుచాటున దాచుకుని. ఆ నవ్వు కోసం ఏడోది తెలిసినా చెప్పేవాణ్ని కాను. గ్రూప్ ఫోటోలో పిల్లలందరికీ నాన్నలా కనబడతానని బుల్లెట్ అన్నందుకే మీసం తీయించాను.

అభ్యంగనం తీసుకునే ప్రతివాళ్ల వెనకా ఒక జ్ఞానతండ్రో జ్ఞానతల్లో నిలబడి, కుడిచెయ్యి భుజం మీద వెయ్యాలి. మావాళ్లలో ఆ చెయ్యి పడిందంటే చుట్టరికం పడినట్టే. ఆయన తండ్రి, ఆయన పిల్లలు తోబుట్టువులు. ఆ ఇంటి పిల్లను చేసుకుంటానని అంటే నోరు కడుక్కోమంటారు. మా పెద్దవాళ్లంతా షిఫ్టుల్లో ఉండేవాళ్లు కాబట్టి, ఎవరికి ఎవరు కుదురుతారో లెక్క చూసే పని ఫాదర్ నాకే అప్పగించారు. నేను నాకోసం ఆస్పత్రి కంపౌండర్ గారిని ఎంచుకున్నాను. ఆయన అసలు పెళ్లే చేసుకోలేదు, కూతుళ్ల ప్రమాదం లేదు. చివరికి డ్రైవర్ గారూ, బుల్లెట్టూ మిగిలారు. ఇద్దరినీ కలిపేస్తే పని అయిపోయేది. కానీ అలా కలిపితే బుల్లెట్ ఆ అమ్మాయికి తమ్ముడవుతాడు, నాకు జీవితాంతం బావమరిది అవుతాడు! ఆ చుట్టరికం తప్పించడానికి, ఫాదర్‌కి సాయంగా ఉండే ఉపదేశి గారికి అప్పటికే ఒక పిల్లాణ్ని ఒప్పజెప్పినా, వీణ్ని రెండోవాడిగా అంటగట్టి, డ్రైవర్ గారిని 'స్పేర్' అని పెట్టాను. స్పేర్ లేకుండా ఏ పనీ చెయ్యకూడదని రైలు దగ్గర నేర్చుకున్న తెలివి.

ఆ ఆదివారం వాన కుమ్మేసింది. గీదం దగ్గర వాగు పొంగి బిషప్ గారి జీపు మధ్యాహ్నానికి గానీ రాలేదు. పూజ మొదలై, వరసలో నా ముందు ఇద్దరే ఉన్నారనగా ఆస్పత్రి వార్డుబాయ్ తడుస్తూ లోపలికొచ్చాడు. "కంపౌండర్ సాబ్, జల్దీ చలియే, ఎమర్జెన్సీ!" నా భుజం మీది చెయ్యి లేచిపోయింది. ఫాదర్ పీఠం దగ్గరి నుంచే కళ్లు పెద్దవి చేసి, "స్పేర్ ఎవరు? డ్రైవర్ గారూ, ఆయియే ఆయియే!" అన్నారు.

ఖాళీ పడ్డ చోటికే స్పేర్ వస్తుందన్న సంగతి అప్పుడు నాకు వెలిగింది. అదే భుజం మీద బ్రేకు హ్యాండిలంత బరువైన చెయ్యి పడింది. నేను పక్కకు జరగబోయాను. చెయ్యి ఇంకొంచెం బిగిసింది.

"బెదురేటి బాబూ? నిలబడు. నేనున్నాను గదా!"

"అది కాదండీ, మీరు... ఇంకెవరైనా..."

"నాకేటి ఇబ్బంది నేదులే. కొడుకు నేని లోటు తీరినట్టవుతాది."

వెనక నుంచి బుల్లెట్ గొంతు, "తాతా, టీచరమ్మ నీకు సెల్లెలైపోనాదిరో!" అంది. గాయకబృందంలో నిలబడ్డ ఆమె వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వుతోందో లేదో ఈసారి తెలియలేదు. బిషప్ గారు నా నుదుట తైలం రాశారు.

మర్నాడు ఫాదర్ దగ్గరికి పరిగెత్తాను. తిరుసభ చట్టంలో, అంటే చర్చి చట్టంలో, అలాంటి అడ్డు ఏదీ లేదని, తానే వచ్చి మాట్లాడతానని గొడుగు తీశారు. డ్రైవర్ గారి తల్లి, పండుముసలావిడ, వీధి అరుగు మీదే మమ్మల్ని ఆపేసింది. "సట్టం సర్చీలో ఉంటాది గానీ ఫాదరుబాబూ, సుట్టరికం ఇంట్లో ఉంటాది. సెయ్యేసిన కొడుక్కి పిల్లనెలా ఇత్తాం?" డ్రైవర్ గారు తల దించుకున్నారు. ఫాదర్ గొడుగు ముడిచారు. లోపలి నుంచి ఆ అమ్మాయి రెండు గ్లాసుల టీ తెచ్చి, నా గ్లాసు అందిస్తూ మొదటిసారి "అన్నయ్యా" అంది. ఆ టీలో చక్కెర ఉందో లేదో నాకు గుర్తులేదు.

రెండేళ్లకు కొత్తవలస రైలు గార్డుతో ఆమె పెళ్లయింది. అన్న హోదాలో గుడి గుమ్మం దగ్గర నిలబడి పెళ్లికొడుకుకి నేనే దండ వేశాను. తర్వాత నాకూ పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జుట్టు పల్చబడింది. మొన్నటి క్రిస్మస్‌కి ఆమె మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అంది.

"నీ అభ్యంగనం రోజు మా నాన్న డ్యూటీ దిగొచ్చి పడుకుండిపోయాడు అన్నయ్యా. నేనే లేపి పంపించాను."

"ఎందుకూ?"

"కుర్రాడెలా ఉన్నాడో ఓసారి సరిగ్గా చూసి రమ్మని."

నేను ఖాళీ కాఫీ గ్లాసునే మళ్లీ ఎత్తి తాగబోయాను. ఆమే గట్టిగా నవ్వేసి, "ఇప్పుడా మొహమేటి? చీర తే!" అంది. ఆడపడుచుకి ఏటా క్రిస్మస్ చీర పెట్టాలి. బదిలీల్లో తిరుగుతూ కొన్నేళ్లు ఎగ్గొట్టాను. మా ఆవిడ ఎంచిన ఈ ఏటి చీర చేతిలో పెట్టాక, పాతవి ఇంకా తొమ్మిది బాకీ అని ఆమె తేల్చింది. నా లెక్కలో ఎనిమిదే. కానీ ఆ ఇంటి విషయంలో నా లెక్క మీద నాకే నమ్మకం లేదు. తొమ్మిదే.